బొత్తాల డబ్బాలో గోధుమరంగు మాత్రలు

మా వదినకి సిగ్గెక్కువ. ఈ మాట మా వీధిలో అంటే జనం పగలబడి నవ్వుతారు. ఎందుకంటే ఆవిడ చేసేది టవర్ క్రేన్ నడపడం. పెద్ద పెద్ద భవనాలు కట్టేచోట ఆకాశంలోకి ఇనప స్తంభం ఒకటి లేచి, దాని మీద అడ్డంగా పొడుగాటి చెయ్యి ఉంటుందే, అదీ. ఆ చెయ్యి మొదట్లో చిన్న అద్దాల గది ఉంటుంది. పొద్దున్నే నిచ్చెనలెక్కి అందులో కూర్చుందంటే డ్యూటీ దిగేదాకా కిందికి రాదు. తిండి కూడా అక్కడే. కింద ఎంత మొనగాడైనా సరే, మా వదిన ఎత్తిన ఇనుము వస్తోందంటే నోరు మూసుకుని పక్కకి జరగాల్సిందే. అలాంటి మనిషికి సిగ్గేమిటంటారా? మందుల షాపులో మగాడు నిలబడి ఉంటే దగ్గుమందు అడగడానికి కూడా నన్ను పంపే మనిషండీ ఆవిడ.

నన్ను ఇంట్లో కత్తెర అంటారు. కింది గదిలో మిషను పెట్టుకుని బట్టలు కుడతాను కాబట్టి ఆ పేరొచ్చిందని బయటివాళ్ళకి చెబుతాం. అసలు సంగతి నా నోరు. మేడ మీద అమ్మ, అన్నయ్యా వదినా, తమ్ముడూ మరదలూ ఉంటారు. అన్నయ్య దూరాలు తిరిగే బస్సుకి డ్రైవరు. ఇంట్లో ఉన్నదానికంటే స్టీరింగు ముందు ఉన్నదే ఎక్కువ. వాళ్ళకి ఒక్కతే కూతురు, హాస్టల్లో చదువుకుంటోంది. ఆ పిల్ల పుట్టినప్పుడే వదిన పిల్లలు చాలని ఆపరేషన్ చేయించేసుకుంది. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి, తర్వాత కొంప ముంచింది ఇదే.

తమ్ముడికి మాత్రం పెళ్ళయి ఇన్నేళ్ళయినా పిల్లల్లేరు. మరదలు గాలేస్తే పడిపోయేలా ఉంటుంది, పాలిపోయిన ముఖం, పెద్ద పెద్ద కళ్ళు. ప్రతి నెలా గంపెడాశ పెట్టుకునేది. డేట్ వచ్చిందంటే బాత్రూంలోకి పోయి గడియ పెట్టుకుని కుళాయి తిప్పేసేది, ఏడుపు బయటికి వినబడకుండా. మాకు కుళాయీ వినబడేది, ఏడుపూ వినబడేది. ఏమీ విననట్టు అమ్మ టీవీ సౌండు పెంచేది. నేను మిషను తొక్కేదాన్ని. ఒక్క వదిన మాత్రం తలుపు దగ్గరికెళ్ళి నిలబడి, ఏమీ అనలేక తిరిగొచ్చేది.

వదినకి అసలు నెలే రావడం లేదు. రాకుండా చేసుకుంది. ఎలాగంటే, పిల్లలు పుట్టకుండా వేసుకునే మాత్రల షీటు ఉంటుంది చూడండి, అందులో మాత్రలన్నీ తెల్లవి, ఆఖరి వరస మాత్రం గోధుమరంగువి. ఆ గోధుమరంగువి వేసుకునే రోజుల్లో నెలసరి వస్తుంది. వదిన ఆ వరస జోలికి పోకుండా, తెల్లవి అయిపోగానే కొత్త షీటు మొదలుపెట్టేసేది. అలా నెలల తరబడి రక్తం ఊసే లేకుండా పని చేసుకునేది. చెప్పింది వాళ్ళ పని చోట ఫస్ట్ ఎయిడ్ గదిలో ఉండే నర్సమ్మ. బీపీ అదీ డాక్టరుకి చూపించి, ఫరవాలేదన్నాకే మొదలుపెట్టించిందట. ఇంట్లో ఈ సంగతి నాకూ తెలియదు, అమ్మకీ తెలియదు. తెలిసిన మగాడు ఒకడున్నాడు, మా అన్నయ్య. వాడి ఘనకార్యం తర్వాత చెబుతా.

మాకు తెలిసిందల్లా నీళ్ళ సీసా. పొద్దున నేను నింపి ఇచ్చిన సీసా సాయంత్రం అలాగే నిండుగా వచ్చేది. "ఏం వదినా, దీన్ని క్రేన్ ఎక్కించి ఊరు చూపించి తీసుకొస్తున్నావా?" అని ఏడిపించేదాన్ని. "దాహం వెయ్యలేదే" అనేది. పైన బాత్రూం లేదు, దిగాలంటే పని ఆగిపోతుంది, అందుకని తాగేది కాదు. మగ డ్రైవర్లు పైకి ఇంకో ఖాళీ సీసా పట్టుకెళతారట. అది కూడా తర్వాతెప్పుడో నర్సమ్మ చెబితే తెలిసింది గానీ, వదిన నోటి వెంట రానేలేదు.

ఇదిలా ఉండగా మరదలు ఓ రోజు కుళాయి దగ్గర కళ్ళు తిరిగి పడింది. ఒంట్లో రక్తం లేదన్నారు. పెద్ద పెద్ద ఐరన్ మాత్రలిచ్చారు. అవి మింగిన ప్రతిసారీ కడుపులో ఉన్నదంతా కక్కేసేది. అమ్మ తిట్టేది, తమ్ముడు బతిమాలేవాడు, ఆ పిల్ల కళ్ళనీళ్ళు కుక్కుకుంటూ మళ్ళీ మింగేది, మళ్ళీ కక్కేది. చూసి చూసి వదిన ప్రాణం ఉసూరుమంది. తను వాడకుండా మిగిల్చిన గోధుమరంగు మాత్రలు ఉత్త ఐరనేనని, తెల్లవాటిలో ఉండే మందు వాటిలో బొత్తిగా ఉండదని నర్సమ్మ ఎప్పుడో చెప్పి ఉంది. మళ్ళీ అడిగి ఖాయం చేసుకుంది. కాలిపోయిన అగ్గిపుల్లని కూడా దాచే మనిషి, వీటిని పారేస్తుందా? నా పెద్ద కత్తెర తీసుకుని ఆ వరసలన్నీ షీట్ల నుంచి కత్తిరించి, నా దగ్గరే ఓ పాత బొత్తాల డబ్బా అడిగి పట్టుకెళ్ళి, అందులో పోసి మరదలి చేతిలో పెట్టింది.

"చెల్లీ, ఇవి చిన్నవి, కడుపులో తిప్పవు. రోజుకొకటి వేసుకో" అంది.

తిప్పలేదు కూడా. మరదలు వాటిని వేసుకుని తేరుకుంది. ముఖంలోకి కాస్త రంగొచ్చింది. "మా అక్క చెయ్యి చలవ" అని అందరికీ చెప్పుకుంది. షీటు కత్తిరించి ఎందుకిచ్చావని ఆ పిల్లా అడగలేదు, నేనూ అడగలేదు.

డబ్బా అడుగంటే వేళకి వదినకి వరసగా డ్యూటీలు పడ్డాయి. అస్తమానం అక్కని అడగడమెందుకని, మరదలు ఓ ముక్క పట్టుకుని తనే మందుల షాపుకి వెళ్ళింది. షాపతను ఆ ముక్క అటూ ఇటూ తిప్పి చూసి, చుట్టూ ఎవరైనా ఉన్నారేమోనని చూసి, గొంతు తగ్గించి, "ఇవి విడిగా రావమ్మా. పిల్లలు పుట్టకుండా వేసుకునే షీటులోవి కదా" అని నిండు షీటు ఒకటి కాగితంలో చుట్టి బల్ల మీద పెట్టాడట. ఇంకో మాట అడగడానికి ఈవిడకి నోరు పెగల్లేదు, చెప్పడానికి అతనికి మొహమాటం.

ఆ సాయంత్రం వదిన డ్యూటీ దిగి ఇల్లు చేరేసరికి అందరం హాల్లోనే ఉన్నాం. అన్నయ్య కూడా ఆ రోజు ఇంట్లోనే ఉన్నాడు. వదిన సంచీ ఇంకా భుజం మీంచి దించనేలేదు. మరదలు ఆ షీటు తీసుకొచ్చి ఆవిడ కాళ్ళ దగ్గర పడేసింది.

"నాకిన్నాళ్ళూ పెట్టింది ఇదా అక్కా?"

వదిన దాన్ని చూసింది. ఆ ముఖం నాకింకా గుర్తే. మెడ దగ్గర మొదలై చెవుల దాకా జేవురించింది. నాకైతే తప్పు చేసి దొరికిపోయిన ముఖంలాగే కనబడింది, ఉన్న మాట చెప్పాలి కదా.

"అవి ఐరన్ చెల్లీ" అంది, వినీ వినబడనట్టు.

"పిల్లలు పుట్టకుండా వేసుకునేవట! షాపులో తలొంచుకుని నిలబడి విన్నాను. నెలనెలా నేనెందుకేడుస్తున్నానో నీకు తెలుసు. తలుపు దగ్గర నిలబడి విన్నావు కూడా. విని, మళ్ళీ ఇవే పెట్టావా?"

"తెల్లవి వేరు, ఇవి వేరు..."

"సరే, తెల్లవి వేరు. అసలు ఆ షీట్లు నీకెందుకు?" అని తమ్ముడు ఒంటికాలి మీద లేచాడు. "నీకు ఆపరేషన్ అయిపోయింది కదా వదినా? పిల్లలు పుట్టకుండా మాత్రలు నీకెందుకు? ఎవరి కోసం కొన్నావు?"

చూశారా, దానికేం చెబుతుంది? ఎందుకో చెప్పాలంటే నెలసరి మాట ఎత్తాలి. మరిది ముందు, అత్తగారి ముందు, టీవీ ముందు. మా ఇంట్లో ఆ మాట ఏ ఆడదీ పైకి అనలేదు ఇంతవరకూ. కడుపునొప్పి అంటాం, తలనొప్పి అంటాం, ఒంట్లో బాగోలేదంటాం. వదిన అన్నయ్య వైపు చూసింది. నువ్వు చెప్పు అని అడిగినట్టే చూసింది.

మా అన్నయ్య బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాడు. వాడికి తెలుసు. ప్రతి షీటూ వాడు చూస్తూనే ఉన్నాడు. ఒక్క మాటతో ఆరిపోయే మంట. ఆ ఒక్క మాట అమ్మ ముందు అనడానికి సిగ్గట! చెప్పుల వంక చూస్తూ నీళ్ళు నమిలాడు. "అది... దాని పని అలాంటిది..." అని గొణిగాడు. పనికీ మాత్రలకీ ఏం సంబంధమో మాకెవరికీ అర్థం కాలేదు. ఆ గొణుగుడుతో ఉన్న అనుమానం ఇంకా ముదిరింది.

అమ్మ నెమ్మదిగానే అడిగింది. "ఎందుకు కొన్నావో చెప్పు తల్లీ. అడుగుతున్నాను కదా."

"చెప్పలేను అత్తయ్యా" అంది వదిన. "మా నర్సుని అడగండి. నేను చెప్పలేను."

"చెప్పలేని పనులు ఎందుకు చేశావక్కా!" అని మరదలు గొల్లుమంది. పొద్దున్నే పుట్టింటికి వెళ్ళిపోతానంది. ఈ ఇంట్లో ఇక పచ్చి మంచినీళ్ళు ముట్టనంది. బొత్తాల డబ్బా తన సంచీలో వేసుకుంది, వాళ్ళ నాన్నకీ అన్నలకీ చూపించడానికి. అదే జరిగితే ఇక మా ఇంటికీ వాళ్ళింటికీ మాటల్లేనట్టే. మా వదిన పేరు ఊరంతా ఏమని మోగేదో నేను మీకు వేరే చెప్పక్కర్లేదు.

మర్నాడు పొద్దున లేచేసరికి వదిన డ్యూటీకి వెళ్ళిపోయింది. నీళ్ళ సీసా తనే నింపుకుంది, నన్ను లేపలేదు. నాకు ప్రాణం చివుక్కుమంది. మరదలు సంచీ సర్దుకుని మెట్లు దిగుతుంటే అడ్డం నిలబడ్డాను.

"నీ బస్సెక్కడికీ పోదు. దారిలోనే కదా వాళ్ళ పని చోటు. ఆ నర్సుని అడిగి, నిజమే అయితే నేనే నిన్ను బస్సెక్కిస్తాను. ఆ తర్వాత ఇంటికొచ్చి మా వదిన్ని నాలుగు దులుపుతాను కూడా."

"నాకెవరి మాటా వద్దు వదినా" అంది గానీ, నా చేతిలోంచి చెయ్యి విడిపించుకోలేకపోయింది. మిషను తిప్పే చెయ్యి మరి.

అక్కడ గేటు దగ్గర మా ఇద్దరికీ హెల్మెట్లు తగిలించి లోపలికి వదిలారు. బురదా, ఇనప చువ్వల కట్టలూ, చెవులు చిల్లులు పడే మోత. తల పైకెత్తితే క్రేన్ చెయ్యి మబ్బుల్లో మెల్లగా తిరుగుతోంది, దాని కింద కాంక్రీటు నింపిన బకెట్ వేలాడుతోంది. అద్దాల గది అగ్గిపెట్టె అంత ఉంది. అందులో మా వదిన ఉందని నాకు తెలుసు గానీ మనిషి కనబడలేదు.

ఫస్ట్ ఎయిడ్ గది రేకుల షెడ్డు. నర్సమ్మ ఎవరిదో వేలికి కట్టు కడుతోంది. ఆ మనిషిని బయటికి పంపేసి మా మాట వింది. బల్ల మీద వాకీటాకీ ఒకటి గరగరమంటోంది. "కుడికి... కుడికి... చాలు..." అని సిగ్నల్ ఇచ్చే ముసలాయన గొంతు. "సరే తాతా, దింపుతున్నా" అని మా వదిన గొంతు. ఆ గొంతు విని నేను ఉలిక్కిపడ్డాను. ఇంట్లో ఎప్పుడూ వినని గొంతది. గట్టిగా, తొణక్కుండా ఉంది.

"గోధుమరంగువి ఐరనే" అంది నర్సమ్మ. "వాటి వల్ల పిల్లలు పుట్టడం ఆగదు. ఇమ్మని చెప్పింది నేనే."

"ఇచ్చింది మీ స్నేహితురాలు కాబట్టి మీరలాగే అంటారు" అంది మరదలు. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. "మరి ఆ షీట్లు ఆవిడకెందుకు? ఆపరేషన్ అయిన మనిషికి? అది చెప్పండి."

నర్సమ్మ చేతిలోని కట్టు గుడ్డ పక్కన పెట్టింది. "అది ఆవిడ చెప్పాల్సిన మాటమ్మా. నేను చెప్పకూడదు. సాయంత్రం దాకా ఆగండి, దిగాక మీరే అడగండి."

"నా బస్సు వెళ్ళిపోతుంది" అని మరదలు సంచీ అందుకుంది.

నర్సమ్మ నా ముఖం చూసింది, నేను ఆవిడ ముఖం చూశాను. వాకీటాకీ తీసి మీట నొక్కింది. "క్రేన్, ఇది ఫస్ట్ ఎయిడ్. నీ తోటికోడలు ఇక్కడుంది. వెళ్ళిపోతానంటోంది. ఆ షీట్లు నీకెందుకో తెలిస్తే గానీ ఆగనంటోంది. నేనేం చెప్పను?"

ఒక్క సంగతి చెప్పాలి. క్రేన్ గదిలోకి ఫోను తీసుకెళ్ళనివ్వరు, ఈ రేడియో ఒక్కటే దారి, అదేమో టెలిఫోను లాంటిది కాదు. ఒకరు మాట్లాడితే ఆ చోట రేడియో ఉన్న ప్రతివాడూ వినాల్సిందే. సిగ్నల్ తాత, కాంక్రీటు పోసేవాళ్ళు, ఇంజినీర్లు, గేటు దగ్గర కాపలా మనిషి, అందరూ. ఆ సంగతి నర్సమ్మకి తెలుసు, వదినకీ తెలుసు. నేను కిటికీలోంచి చూస్తున్నాను. తిరుగుతున్న క్రేన్ చెయ్యి మెల్లగా ఆగిపోయింది.

"సిగ్నల్, బకెట్ ఆపాను. కింద ఎవరినీ ఉండనివ్వకండి" అంది వదిన. "ఛానల్ కాసేపు నాకు కావాలి."

"ఏమైందమ్మా?" అన్నాడు తాత.

"ఏం కాలేదు. చెల్లీ, వినబడుతోందా?"

మరదలు సంచీ పట్టుకునే వాకీటాకీ వైపు తిరిగింది.

"నాకు ఆపరేషన్ అయింది. పిల్లలు పుట్టకుండా ఉండటానికి నాకు మాత్రలక్కర్లేదు. నేను వేసుకునేది నెలసరి రాకుండా. ఈ పనిలో చేరిన కొత్తలో ఓ రోజు ఇలాగే కాంక్రీటు పోస్తున్నాం. మధ్యలో ఆపితే గట్టిపడిపోతుంది. నాకు డేట్ ముందే వచ్చేసింది. దిగడానికి లేదు. దిగుతానని అడగడానికి నోరు రాలేదు. ఆ సీట్లోనే సాయంత్రం దాకా కూర్చున్నాను. నా తర్వాత డ్యూటీ ఆయన పైకొచ్చి సీటు చూసి, ఇదే రేడియోలో చెప్పాడు. గుడ్డా సబ్బూ పంపండి, క్రేనమ్మ సీటంతా ఎరుపు చేసి పోయింది అని. అందరూ నవ్వారు. అప్పటికి నేనింకా నిచ్చెన మీదే ఉన్నాను. నడుముకి తగిలించుకున్న రేడియోలో ఆ నవ్వులు వింటూ మెట్టు మెట్టూ దిగాను. దిగేసరికి నన్ను చూడ్డానికి అందరూ కింద నిలబడి ఉన్నారు."

మీట వదల్లేదు. గాలి చప్పుడు వినబడింది.

"ఇంకో రోజు అలాంటిది వస్తే చచ్చిపోతాననుకుని ఈ మాత్రలు మొదలుపెట్టాను. గోధుమరంగువి ఐరన్. నువ్వు తూలి పడిపోతుంటే చూడలేక ఇచ్చాను. షీటు ఎందుకు కత్తిరించానంటే, చూసి ఇవెందుకక్కా అని అడుగుతావేమోనని. అడిగితే ఈ కథంతా చెప్పాలి కదా. సిగ్గేసింది. అంతకు మించి ఏమీ లేదు. నీ కడుపు మీద కొట్టేదాన్ని కాదు చెల్లీ. అయిపోయింది. సిగ్నల్, బకెట్ దింపనా?"

బయట చువ్వలు మోసుకెళుతున్న ఇద్దరు మనుషులు ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు. ఒకడు నడుముకున్న రేడియో వంక చూసుకుంటున్నాడు, అది తనది కానట్టు. అప్పుడు తాత గొంతు వినబడింది. "దింపమ్మా. మెల్లిగా దింపు. తొందరేం లేదు."

"ఆ రోజు నవ్విన వాళ్ళలో ఆయనా ఉన్నాడు" అంది నర్సమ్మ, నాకు మాత్రమే వినబడేలా.

మరదలు స్టూలు మీద కూలబడింది. ఆ పిల్ల బస్సు వెళ్ళిపోయింది. దాని మాటే ఎత్తలేదు. నేను షెడ్డు వెనక్కి పోయి అన్నయ్యకి ఫోన్ చేశాను. ఏం తిట్టానో ఇక్కడ చెబితే బాగుండదు. వాడు అన్నీ పడ్డాడు. ఆఖరికి "అది ఏడుస్తోందా?" అన్నాడు. "ఏడవడం నీ వంతురా" అని పెట్టేశాను.

సాయంత్రం దాకా అక్కడే ఉన్నాం. వదిన నిచ్చెన దిగుతుంటే కింద చాలామంది ఉన్నారు. ఈసారి ఎవరూ నిలబడి చూడలేదు. ఒకడు బూటు తాడు కట్టుకుంటున్నాడు, ఇంకొకడు తాడు చుట్ట చుడుతున్నాడు, అందరి తలలూ కిందికే. తాత మాత్రం హెల్మెట్ తీసి చేత్తో పట్టుకున్నాడు. వదిన ఎవరినీ చూడలేదు. హెల్మెట్ కళ్ళ మీదికి లాక్కుని తిన్నగా గేటు దాకా వచ్చేసింది. ఘనంగా గెలిచొచ్చిన మనిషిలా ఉంటుందనుకున్నాను. దొంగలా వచ్చింది.

నా దగ్గరికొచ్చి అడిగిన మొదటి మాట ఇది. "కత్తెరా, అందరూ విన్నారు కదూ?"

"లేదొదినా" అన్నాను. "రేడియో ఒకటే గరగర. సగం ఎవరికీ అర్థమైనట్టు లేదు."

"నా రేడియో ఎప్పుడూ గరగరమనదే" అంది. కొంచెం నవ్వబోయింది, కుదరలేదు. ముఖం చేతుల్లో దాచుకుంది. "రేపు పొద్దున మళ్ళీ ఈ గేట్లోంచి ఎలా వస్తానే?" అంది.

బస్సులో ముగ్గురం ఒకే సీట్లో ఇరుక్కుని కూర్చున్నాం. నేను కిటికీ పక్కన, వదిన మధ్యలో, మరదలు అటు చివర. మరదలు వదిన ముఖం చూడలేకపోతోంది, వదిన ఎవరి ముఖమూ చూడలేకపోతోంది. నా నోరు కూడా ఆ రోజు పనిచెయ్యలేదంటే అర్థం చేసుకోండి.

మా స్టాపు దగ్గర పడుతుండగా మరదలు తన సంచీలో చెయ్యి పెట్టి వెతికింది. బొత్తాల డబ్బా తీసింది. అందులో అడుగున మిగిలిన ముక్కలోంచి గోధుమరంగు మాత్ర ఒకటి వొలిచి అరచేతిలో వేసుకుంది. వదిన ఒళ్ళో ఉన్న నీళ్ళ సీసా అడక్కుండానే తీసుకుంది. అది ఎప్పట్లాగే మూత దాకా నిండుగా ఉంది. మాత్ర నోట్లో వేసుకుని, వదిన చూస్తుండగా మింగింది.

తర్వాత సీసా వదిన చేతిలో పెట్టి, "ఇక క్రేన్ దిగేశావు కదక్కా, నువ్వూ తాగు" అంది.

వదిన తల వంచుకునే సీసా ఎత్తింది. సగం దాకా ఆపకుండా తాగింది.